మలుపులో పుట్టిన ఆల్బమ్‌ను మళ్లీ అంచనా వేయడం ఎలా? ‘నాడా!’ ఉదాహరణగా

డెత్ ఇన్ జూన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1985లో తెచ్చిన ‘నాడా!’లో రెండు బాణీలు ఒకే కప్పు కింద కాపురం చేస్తాయి. ఒకటి పోస్ట్‌పంక్ (పంక్ రాక్ తర్వాత వచ్చిన ప్రయోగాత్మక రాక్), సింథసైజర్ల లోకం. రెండోది తర్వాత నియోఫోక్ అనిపించుకున్న అకూస్టిక్ గిటార్ లోకం. చాలామంది తమకు నచ్చిన సగాన్నే విని తీర్పు చెప్పేస్తారు.

మొదట దానికి ముందూ వెనకా వచ్చినవి వినండి: 1983 నాటి ‘ది గిల్టీ హ్యావ్ నో ప్రైడ్’, 1987 నాటి ‘బ్రౌన్ బుక్’. రోజుకు ఒకటే. మూడూ ఒకే పూట వింటే చెవి అలసిపోయి, చివరిది చప్పగా తోస్తుంది. మొదటి ఆల్బమ్‌లో బ్యాండ్ సభ్యుడు టోనీ వేక్‌ఫర్డ్ బేస్ గిటార్ పాటను ఎంతగా మోస్తోందో గమనించండి. 1984లో ఆయన వెళ్లిపోయారు. ఆ ఖాళీని మిగిలిన సభ్యులు డగ్లస్ పియర్స్, ప్యాట్రిక్ లీగస్ దేనితో నింపారన్నదే ‘నాడా!’ను అడగాల్సిన అసలు ప్రశ్న.

పాత ముద్రణనూ రీమాస్టర్‌నూ (శబ్దాన్ని మెరుగుపరిచి మళ్లీ తెచ్చిన ముద్రణనూ) పోల్చేటప్పుడు శబ్దం సమానం చేయండి. కాస్త గట్టిగా మోగేదే మేలైనదని చెవి మోసపోతుంది. సీడీల్లో తర్వాత చేర్చిన పాటల్ని పక్కన పెట్టండి. అవి ఆల్బమ్ నడకను చెడగొడతాయి.

ఇక ఒక్కో పాటకు మూడు గడులు గీయండి: తాళం యంత్రానిదా మనిషిదా, గిటార్ ముందుందా వెనకుందా, గొంతు ఎవరిది. ‘ది ఆనర్ ఆఫ్ సైలెన్స్’ వెంటనే ‘ది కాలింగ్’ వస్తుంది. రెండు బాణీల అతుకు అక్కడే బయటపడుతుంది. లీగస్ 1985లోనే తప్పుకోవడంతో ‘ది కాలింగ్’లోని నృత్య లయ దారి ఆగిపోయింది. ఆగిపోయిన దారిని లోపంగా లెక్కేయకండి. నా లెక్కలో ఈ ఆల్బమ్‌కు ఉద్రిక్తత వచ్చిందే దానివల్ల.

ఈ బ్యాండ్ వాడిన నాజీ చిహ్నాల సంగతి దాటేయకూడదు, ఒక్క మాటతో తేల్చేయకూడదు కూడా. పియర్స్, వేక్‌ఫర్డ్ అంతకుముందు క్రైసిస్ అనే వామపక్ష పంక్ బ్యాండ్‌లో ఉన్నారు. ‘సెత్ అన్ రేవ్’ పాట క్లాస్ బార్బీ ఎక్కడని ఫ్రెంచ్‌లో అడుగుతుంది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపోకు అధిపతిగా పనిచేసిన బార్బీని బొలీవియా 1983లోనే ఫ్రాన్స్‌కు అప్పగించింది, విచారణ 1987లో జరిగింది. అంటే పాట వచ్చేనాటికి అతను జైల్లోనే ఉన్నాడు. మరి ఆ ప్రశ్న ఎవరికి? ఈ సంగతికి వేరే గడి గీసి, సంగీతం మార్కులతో కలపకుండా నింపండి.

వారం ఆగి, గడుల కాగితం చూడకుండా మళ్లీ వినండి. అభిప్రాయం మారిన పాటల గురించే ముందు రాయండి.