పెరటి కోళ్ళ పెంపకం, ఆరవ పాఠం: కాళ్ళు పడిపోయిన పెట్టను చూసుకోవడం

ఆరోగ్యంగా ఉన్న కోడిని చేతిలోకి తీసుకుని ముక్కు నుండి గోటి దాకా తడిమి చూడటం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేయనివారు ఈ రాత్రి కోళ్ళు గూటికి చేరాక ఒక పెట్టను పట్టుకుని, దాని తొడ ఎంత గట్టిగా ఉంటుందో, కాలు మెల్లగా లాగితే ఎంత బలంగా వెనక్కి తీసుకుంటుందో చూసి, ఆ తరువాత ఈ పాఠం చదవండి. మామూలు కాలి బలం చేతికి తెలిసినవారే బలం తప్పిన కాలిని గుర్తుపట్టగలరు.

పొద్దున గూడు తలుపు తీయగానే మిగిలిన కోళ్ళన్నీ బయటికి ఉరికి, ఒక పెట్ట మాత్రం లోపలే రొమ్ము మీద కూర్చుండిపోయిందనుకుందాం. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి, గింజలు వేస్తే మెడ చాపి తింటోంది, లేవబోతే మాత్రం రెక్కలు నేలకు ఆనించి పక్కకు ఒరిగిపోతోంది. దీన్ని మన ఊళ్ళలో కాళ్ళు పడిపోవడం అంటారు. ఆ మాట వినగానే చాలా ఇళ్ళలో కత్తి కోసం వెతుకుతారు, కొన్ని ఇళ్ళలో చేతికందిన మందు గొంతులో పోస్తారు. రెండూ తొందరపాటు పనులే. ఈ లక్షణానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని గంటలో సరిచేయదగినవి, కొన్ని వారాల సేవ కోరేవి, కొన్ని నయం కానివి. ఏది ఏదో తేల్చుకునేదాకా ఏ కారణానికైనా పనికివచ్చే సంరక్షణ ఒకటుంది. ఈ పాఠంలో ముందు పరీక్ష, తరువాత ఆ సంరక్షణ నేర్చుకుందాం.

అన్నిటికంటే ముందు ఆ పెట్టను వేరు చేయాలి. కదలలేని కోడిని తోటి కోళ్ళు పొడుస్తాయి. పైగా అంటురోగమైతే మిగిలినవాటికి సోకుతుంది. నీడలో, గాలి తగిలేచోట, గంప కిందగాని పెద్ద అట్టపెట్టెలోగాని ఉంచి, మిగతా కోళ్ళ అలికిడి వినబడేంత దూరంలో పెట్టండి. మంద నుండి పూర్తిగా విడిపోయిన కోడి మేత మానేయడం నేను చాలాసార్లు చూశాను.

పరీక్షను కింది నుండి పైకి చేయాలి. వెలుతురులో కూర్చుని, పెట్టను ఒడిలో వెల్లకిలా కాకుండా పక్కకు వాల్చి పట్టుకుని, మొదట అరికాలు చూడండి. మధ్యలో నల్లటి పక్కు, దాని చుట్టూ వాపు, వేడి ఉంటే అది చీముగడ్డ. నొప్పికి కాలు మోపడం లేదు తప్ప కాలు పడిపోలేదు. తరువాత వేళ్ళ మొదళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. ఈ మాట ఇంత నొక్కి చెప్పడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో రెండో ఏడాది నల్ల పెట్ట ఒకటి కాలు ఎత్తి కుంటి, రెండు రోజుల్లో కూలబడితే, నేను దాన్ని బలహీనత అనుకుని మూడు రోజులు విటమిన్ల మందు పట్టాను. నాలుగోరోజు ఎండలో కాలు తిప్పి చూస్తే నడిమి వేలి మొదట్లో కుట్టుమిషను దారం నాలుగు చుట్లు బిగిసి, తోలులోకి దిగిపోయి, సన్నని గాడిలాగా మాత్రమే కనబడింది. గోళ్ళు తీసే కత్తెర మొనతో ఒక్కొక్క పోగూ కోసి తీశాను. వేలి కొస నల్లబడి కొన్నాళ్ళకు రాలిపోయింది, పెట్ట మాత్రం నడిచింది. మొదటిరోజే చూసి ఉంటే ఆ వేలు దక్కేది. అప్పటినుండి పెరట్లో పడిన దారపు ముక్కనూ, తల దువ్వుకున్న వెంట్రుకల ఉండనూ నేను ఏరివేయకుండా ఉండను.

కాలి ఎముకలను రెండు చేతులతో పక్కపక్కన తడిమి పోల్చండి. విరిగినచోట వాపు, కటకట శబ్దం, అసహజమైన వంపు తెలుస్తాయి. పిల్లలో వేళ్ళు పిడికిలిలాగా లోపలికి ముడుచుకుని, అది మడమల మీద నడుస్తుంటే రైబోఫ్లావిన్ అనే బీ2 విటమిన్ లోపాన్ని అనుమానించాలి.

ఇక పొట్ట. గుడ్లు పెట్టే వయసు పెట్ట రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, తోక దించి, ముక్కుతూ కూర్చుంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. లోపల ఇరుక్కున్న గుడ్డు కాళ్ళకు వెళ్ళే నరాలను నొక్కడంవల్ల కాళ్ళు స్వాధీనం తప్పుతాయి. మలద్వారానికి కింద, తొడల మధ్య అరచేత్తో మెత్తగా నొక్కితే గట్టి గుండ్రటి వస్తువు తగులుతుంది. మోచేతికి హాయిగా తగిలేంత వెచ్చని నీళ్ళలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, మలద్వారం అంచులకు కొబ్బరినూనె రాసి, చీకటిగా ఉన్న చోట వదిలేయండి. గుడ్డును బలవంతంగా పిండితే లోపల పగిలి ప్రాణం మీదికి వస్తుంది. పూటలోగా గుడ్డు రాకపోతే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఇవేవీ కానప్పుడు రోగాల వైపు చూడాలి. రెండు నుండి ఐదు నెలల వయసులో, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడుకుని, ఒకవైపు రెక్క వేలాడేసి, తినాలన్న ఆశ ఉండి కూడా రోజురోజుకు చిక్కిపోతుంటే అది చాలావరకు మారెక్స్ వ్యాధి. హంగరీకి చెందిన పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దీన్ని 1907లో వర్ణించాడు. దీనికి కారణం హెర్పిస్ జాతి వైరస్. తొడ నరాలు వాచడంవల్ల కాలు చచ్చుబడుతుంది. కొన్ని కోళ్ళలో కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకు మారి, పాప అంచులు వంకరపోతాయి. దీనికి మందు లేదు. ఈక మొదళ్ళ నుండి రాలే పొట్టు ధూళిలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ గూటిలోకి కొత్త పిల్లలను తేకూడదు. టీకా పిల్ల గుడ్డు నుండి బయటికి వచ్చిన రోజే వేయాలి. వనరాజ, గ్రామప్రియ వంటి మెరుగుపరచిన జాతుల పిల్లలను కొనేటప్పుడు ఈ టీకా వేశారా అని అడిగి తీసుకోండి. పెరట్లో పెట్ట కింద పొదిగిన నాటు పిల్లలకు ఆ అవకాశం ఉండదు. ఈ వ్యాధి మనుషులకు సోకదు.

ఆకుపచ్చని నీళ్ళ రెట్ట, మెడ మెలి తిరగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం కాళ్ళ పక్షవాతంతో కలిసి వస్తే అది కొక్కెర తెగులు. పుస్తకాలలో రాణీఖేత్ అని రాసేది ఇదే. ఒకేసారి చాలా కోళ్ళు చస్తుంటే చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా వాటిని ముట్టవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంచుకుని, వెంటనే పశువైద్యశాలకుగాని, పశువైద్య సేవల ఫోను నంబరు 1962కుగాని తెలియజేయాలి.

కుళ్ళిన కళేబరం మీది పురుగులు తిన్న కోడికి కాళ్ళతో మొదలై రెక్కలు, మెడ, చివరికి కనురెప్పలు కూడా వాలిపోతాయి. తల నేల మీద పెట్టి పడుకున్న కోడిని చూస్తే పెరటి చుట్టూ చచ్చిన జంతువేదైనా పడి ఉందేమో వెతకండి.

చివరి ప్రశ్న మేత గురించి. నెలలుగా తెల్లటి నూకలు, మిగిలిన అన్నం తప్ప మరేమీ తినని కోడి కాళ్ళు తూలి, కూలబడి, తల వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూస్తుంటే అది బీ1 విటమిన్ లోపం. ఈ సంగతి ప్రపంచానికి తెలిసిందే కోళ్ళవల్ల. 1890 ప్రాంతంలో జావా దీవిలోని బటేవియాలో, అంటే నేటి జకార్తాలో, డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ పెంచుతున్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్ల అన్నం వాటికి పెడుతున్నారు. కొత్త వంటవాడు ఆ అన్నం ఇవ్వనని అనడంతో మేత మారింది, కోళ్ళు లేచి తిరిగాయి. బియ్యం నుండి తీసేసిన తవుడులోనే మందు ఉందని ఆ పరిశీలన దారి చూపింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మర పట్టించిన బియ్యం మన ఇళ్ళలోకి వచ్చాక పెరటి కోళ్ళకు కూడా అదే మేత అయింది. నూకల్లో తాజా తవుడు కలపండి, రాగులు, జొన్నలు, మునగాకు మార్చి మార్చి పెట్టండి, పేడకుప్ప దగ్గర గెలుక్కుని పురుగులు తిననివ్వండి. కూలబడిన కోడికి బీ కాంప్లెక్స్ మోతాదు వైద్యుని అడిగి వేయండి. లోపమే కారణమైతే కొద్ది రోజుల్లోనే మార్పు కనబడుతుంది.

కారణం తేలినా తేలకపోయినా సేవ ఒక్కటే. కాళ్ళు పడిపోయిన కోడి రోగంకంటే ముందు దాహంతో చస్తుంది. మామూలు పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్ళు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. గిన్నెను ముక్కుకు అందే ఎత్తులో, దొర్లిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి. తాగకపోతే ముక్కు పక్క అంచున చుక్కచుక్కగా వదిలి, అది మింగాక మరో చుక్క వేయండి. నాలుక వెనుకే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి గొంతులోకి ఎన్నడూ పోయకూడదు. దాణాను మజ్జిగతోగాని నీళ్ళతోగాని తడిపి మెత్తగా పెట్టండి. తెల్లవారుజామున మెడ కింది మేత తిత్తి ఖాళీగా ఉంటే అరుగుదల బాగున్నట్లు.

పడకగా ఊక నాలుగు వేళ్ళ మందాన పోసి, పైన మెత్తని గుడ్డ పరచండి. రెట్టలో కూర్చున్న పెట్టకు రొమ్ము ఎముక మీద తోలు చెడి పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. అందుకని పూటకొకసారి గుడ్డ మార్చి, మలద్వారం చుట్టూ తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. రోజుకు ఆరేడుసార్లు ఈ పక్క నుండి ఆ పక్కకు వాల్చాలి.

రెండో రోజు నుండి ఊయల కట్టండి. పాత లుంగీ ముక్కలో కాళ్ళకు రెండు రంధ్రాలు, వెనుక రెట్ట పడటానికి ఒకటి కత్తిరించి, బోర్లించిన నాలుగు కాళ్ళ పీట కాళ్ళకు నాలుగు కొసలూ కట్టండి. బరువంతా గుడ్డ మీద ఉండి, అరికాళ్ళు పీట అడుగు పలకను తాకీ తాకనట్లు ఉండాలి. మొదట పావుగంట, పూటకొకసారి, అలవాటుపడ్డాక అరగంట. దించిన తరువాత ఒక్కొక్క అరికాలినీ అరచేతిలో పెట్టి, వేళ్ళు పరిచి, మెల్లగా ముడిచి చాపడం పదిసార్లు చేయండి. మొదటి వారంలో మీ చేతిని అది కొంచెమైనా వెనక్కి నెడితే ఆ సంగతి తేదీ వేసి రాసుకోండి. మీ ఆశకు ఆధారం అదే.

రెండు వారాలకు నెట్టే బలం ఏమాత్రం రాకపోయినా, తినడం తాగడం మానేసినా, బాధ పొడిగించకుండా పశువైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోండి. రోగం ఏమిటో తెలియని కోడిని వండకూడదు, అమ్మకూడదు. చనిపోయాక లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి.

ఈ వారం అభ్యాసం: ఆరోగ్యంగా ఉన్న పెట్టను ఐదు నిమిషాలు ఊయలలో కూర్చోబెట్టి, గుడ్డ ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి రంధ్రాలు సరిచేసుకోండి, పీటతో సహా అటక మీద సిద్ధంగా ఉంచుకోండి. వచ్చే పాఠంలో అరికాలి చీముగడ్డకు కట్టు కట్టే పద్ధతి.