పంచ్ వినపడకముందే పక్కవాడు నవ్వుతున్నాడా? కామెడీ ట్రైలర్‌లో తప్పు ఎక్కడ వెతకాలి

కడపలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. కాలేజీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే పిల్లలు నలుగురైదుగురు కలిసి పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "అన్నా, రెండు నిమిషాల కామెడీ ట్రైలర్. షూటింగప్పుడు అందరం పడీపడీ నవ్వినాం. ఇప్పుడు చూస్తే ఎవురికీ నవ్వు రాలేదు" అంటారు. స్క్రిప్టే బాగాలేదని వాళ్లకు వాళ్లే తేల్చేసుకుని, జోకులు మార్చి మళ్లీ షూట్ చేద్దామని కూర్చుంటారు. చాలాసార్లు జోకులో తప్పేమీ ఉండదు. మాట ఒక చోట, బొమ్మ ఇంకో చోట పడుతుంటాయి. ఆ రెండూ ఒకే క్షణాన పడటాన్నే సింక్ అంటాం. కామెడీకి అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

షాట్ తీయడం, కట్ చేయడం, మ్యూజిక్ వేయడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: ఎడిట్ చేసినవాడికి అంతా సరిగ్గా ఉంది, మిగతావాళ్లకు ప్రతి పంచ్ తేడాగా ఉంది

వేరే ఏదీ ముట్టుకోకముందు ఒక ప్రశ్న. ఎడిట్ చేసేటప్పుడు చెవుల్లో ఏం పెట్టుకున్నారు? బ్లూటూత్ అయితే అది తీసి పక్కన పెట్టి, వైరున్న ఇయర్‌ఫోన్ తగిలించి మళ్లీ చూడండి. పది మందిని అడిగితే ఎనిమిది మంది ఈ ఒక్క పని చేయకుండానే నా దగ్గరికి వచ్చి ఉంటారు.

బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఆలస్యమవుతుంది. యూట్యూబ్ లాంటి చోట ప్లేయరే ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి బొమ్మను కూడా అంతే ఆలస్యం చేస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆ సర్దుబాటు ఉండదు. మాట వెనకబడిందని మీ చెవి చెబుతుంది, మీరు దాన్ని నాలుగైదు ఫ్రేములు ముందుకు జరుపుతారు. తర్వాత మామూలు స్పీకర్లో వేస్తే మాట పెదాలకంటే ముందే వచ్చేస్తుంది. శబ్దం ఆలస్యమైతే మనిషి కాస్త సర్దుకుంటాడు, ముందే వస్తే సర్దుకోలేడు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంఘం ఇచ్చిన లెక్కలో, వెనకబడిన శబ్దం 125 మిల్లీసెకన్ల దగ్గర తెలుస్తుంది, ముందొచ్చిన శబ్దం 45 దగ్గరే పట్టుబడుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే రెండు ఫ్రేములు ముందొచ్చినా దొరికిపోతారు.

ఇందులో ఒక గుర్తు ఉంది. తేడా ట్రైలర్ మొదట్లో ఎంతుందో చివర్లోనూ అంతే ఉంటుంది. అలా ఒకే కొలతలో ఉంటే వైరు పెట్టుకుని, జరిపిన శబ్దాన్నంతా వెనక్కి జరపండి. పని అయిపోతుంది. ఒకచోట సరిగ్గా ఉండి ఇంకోచోట తప్పుతుంటే మాత్రం కింద చదవండి.

లక్షణం: టేక్ మొదట్లో సింక్ సరిగ్గా ఉంది, చివరికి వచ్చేసరికి జారిపోయింది

దీని దగ్గర నేను గట్టిగా దెబ్బతిన్నాను. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

ఒక గుంపు హాస్టల్ కథతో వచ్చింది. రాత్రి గదిలో నలుగురు పేకాడుతుంటారు. వాళ్లలో ఒకడికి ఫోన్ వస్తుంది, ఊర్నుంచి నాయన. "లైబ్రరీలో చదువుకుంటాండా నాయనా" అంటాడు వీడు. కాసేపు ఆ అబద్ధమే సాగుతుంది. చివర్లో ఫోన్లోంచి నాయన గొంతు: "సరేలేరా, తలుపు తీ. బయటనే ఉండా." నలుగురి మొహాలూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. కాగితం మీద చదివితేనే నాకు నవ్వొచ్చింది. టైమ్‌లైన్ మీద మాత్రం చచ్చిపోయింది. ఎన్నిసార్లు చూసినా చప్పగా ఉంది.

నాయన డైలాగు మార్చమని వాళ్లకు చెప్పింది నేనే. వాళ్లు మూడు రకాలుగా మార్చి డబ్బింగ్ చెప్పుకొచ్చారు. మూడూ చప్పగానే ఉన్నాయి. రెండు రాత్రులు పోయాయి. ఆ పిల్లలు మొదట రాసిన మాటే సరైనది. నా సలహా తప్పు.

అసలు సంగతి ఇది. వీడియో ఒక ఫోన్లో తీశారు, శబ్దం ఇంకో ఫోన్ వాయిస్ రికార్డర్లో పట్టారు. అందులో తప్పేమీ లేదు, డబ్బు లేనివాళ్లకు అది మంచి పద్ధతే. టేక్ మొదట్లో చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల దగ్గర రెండింటినీ కలిపారు. అక్కడ సింక్ ముద్దలా అతుక్కుంది. కానీ వాళ్లు ఆపకుండా ఏడు నిమిషాల టేక్ తీశారు. నాయన మాట అయిదో నిమిషం దాటాక వస్తుంది. అప్పటికి బొమ్మ శబ్దం కంటే దాదాపు సెకను ముందుకు పోయింది. అంటే నాయన ఆ మాట అనకముందే నలుగురి మొహాలు బిగుసుకుపోతున్నాయి. ఏం జరగబోతుందో చూసేవాడికి ముందే తెలిసిపోయింది, ఇక మాట వచ్చి చేసేదేముంది? ఆ గొంతు ఫోన్లోంచి వచ్చేది కాబట్టి సరిచూసుకోవడానికి పెదాలు కూడా లేవు. అందుకే నా కన్ను దాన్ని పట్టుకోలేకపోయింది.

రికార్డర్ మీద అనుమానపడ్డాను. అది కాదని తేల్చింది ఒక కుర్చీ. సీనులో కుర్చీ కింద పడుతుంది. వీడియో తీసిన ఫోన్ సొంత మైకు పట్టిన శబ్దం పెట్టి విన్నాను. ఆ శబ్దం కూడా కుర్చీ పడ్డాక ఆలస్యంగానే వచ్చింది. ఒక ఫైల్లో తన బొమ్మకే తన శబ్దం అందడం లేదంటే రికార్డర్ తప్పెలా అవుతుంది? అదే ఫోన్లో గండికోటలో పట్టపగలు తీసిన ఆరు నిమిషాల టేక్ మాత్రం చివరిదాకా సరిగ్గా ఉంది. ఫోన్ అదే, రికార్డర్ అదే, తీసిన చేయి అదే. తేడా వెలుతురు ఒక్కటే.

ఫోన్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తానని చెబుతుంది, కానీ కచ్చితంగా 30 తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కాంతి పట్టుకోవాలి కాబట్టి మెల్లగా ఫ్రేములు తగ్గిస్తుంది. మన ఎండాకాలంలో ఫోన్ కాలిపోయినా కొన్ని వదిలేస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్లో రాసి ఉంటుంది. ఫోన్ ప్లేయర్ ఆ రాత చూసి నడుపుతుంది. "ఫోన్లో బాగానే ఉందన్నా" అని మీరనేది అందుకే. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ రాతను పట్టించుకోకుండా ఫ్రేములను వరసగా 30 చొప్పున పేర్చేస్తాయి. లెక్క చూడండి. సగటున 29.9 ఫ్రేములే తీసిందనుకుందాం. అయిదు నిమిషాలకు 8,970 ఫ్రేములు. వాటిని 30 చొప్పున నడిపితే 299 సెకన్లలో అయిపోతాయి. శబ్దమేమో 300 సెకన్లు ఉంటుంది. పదో వంతు ఫ్రేము తేడాకే ఒక సెకను పోయింది.

చూసుకోవడం చాలా తేలిక. మీడియా ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో క్లిప్ తెరిచి 'ఫ్రేమ్ రేట్ మోడ్' అన్న వరస చూడండి. ఫోన్ ఫైళ్లకు దాదాపు అన్నిటికీ 'వేరియబుల్' అనే వస్తుంది, అంతమాత్రాన కంగారు పడకండి. దాని కిందే ఉన్న ఫ్రేమ్ రేట్ అంకె చూడండి. 30 అనుకున్నచోట 29.7, 28 అలాంటివి ఉంటే మీ దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ఎడిటింగ్‌లోకి తేకముందే ఆ క్లిప్పును మార్చుకోవాలి. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఎంచుకుని, పక్కన 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' మీద గుర్తు పెట్టండి. క్వాలిటీ అంకె 18 దగ్గర పెడితే కంటికి తేడా తెలియదు. తక్కువపడిన చోట అది ఫ్రేములను రెండుసార్లు వేసి నిడివిని సరిచేస్తుంది. అలా మార్చిన క్లిప్పునే టైమ్‌లైన్‌లోకి తెచ్చి సింక్ చేయండి. ఇప్పటికే ఎడిట్ అయిపోయి ఉంటే, పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టినా కట్లు ఉన్నచోటే ఉండవు, కొద్దిగా జరుగుతాయి. ఒక్కో కట్ దగ్గరికి వెళ్లి చూసుకోవాల్సిందే. రెండు నిమిషాల ట్రైలర్‌కు ఒక సాయంత్రం పడుతుంది. అంతే తప్ప, మాటలను ఒక్కొక్కటిగా చేత్తో జరుపుతూ కూర్చోకండి. నేను అలా ఒక రాత్రంతా చేశాను, ఒకటి కుదిరితే ఇంకొకటి చెడింది.

ఇంకా షూట్ చేయనివాళ్లు మూడు పనులు చేస్తే ఇదంతా తప్పుతుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో రికార్డ్ వీడియో దగ్గర 'ఆటో ఎఫ్‌పీఎస్' ఆపేయండి. ఆండ్రాయిడ్ అయితే ప్రో వీడియో మోడ్‌లోగానీ, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లోగానీ ఫ్రేమ్ రేటు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కాంతి పట్టే సమయం) మారకుండా బిగించండి. రాత్రి సీనుకు ఇంకో రెండు లైట్లు అడిగి తెచ్చుకోండి. పెళ్లిళ్లకు లైట్లు పెట్టేవాళ్లు తెలిసినవాళ్లయితే ఒక్క రాత్రికి కాదనరు. ఇక చప్పట్లు టేక్ మొదట్లోనే కాకుండా చివర్లోనూ కొట్టండి. ఈ రెండో చప్పట్లు కొట్టమని ఎంతమందికి చెప్పానో, కొట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు సెకన్ల పని అది. సింక్ జారిందా లేదా అన్నది ఎడిటింగ్‌కు కూర్చున్న మొదటి నిమిషంలోనే తేలిపోతుంది.

లక్షణం: సింక్ సరిగ్గా ఉంది, అయినా నవ్వు రాలేదు

ఇప్పుడు జోకు దగ్గరికి రండి. మొదట పంచ్‌కు ముందున్న ఖాళీ చూడండి. ట్రైలర్ వేగంగా ఉండాలని ఎవరో చెబుతారు, మీరు మాటకూ మాటకూ మధ్య ఊపిరిని కూడా కోసేస్తారు. మన జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన పద్మనాభం పాత సినిమాలు పెట్టుకుని చూడండి. మాట కంటే ముందు ఆయన చూపు పని చేస్తుంది. ఆ చూపుకు చోటు ఉంచండి. పంచ్ పడ్డాక వెంటనే ఇంకో సీనుకు దూకకండి, విన్నవాడి మొహం ఒక సెకను చూపించండి. వేగం కావాలంటే జోకులు తగ్గించుకోండి. రెండు నిమిషాల్లో తొమ్మిది జోకుల కంటే నాలుగు నిలబడితే మేలు.

రెండోది భాష. ప్రొద్దుటూరు పిల్లోడు తెరమీద "ఎక్కడికి వెళ్తున్నావురా" అంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇంట్లో వాడు "యాడికి పోతాండావురా" అనేవాడే కదా! లేదంటే రెండో తప్పు చేస్తారు: సినిమాల్లో సీమ మాట అంటే సుమోలు, కత్తులు అని చూసి, అదే గొంతు పెట్టి అరుస్తారు. మీ జేజి మిమ్మల్ని తిట్టే తిట్లలో ఉన్న హాస్యం వాటిల్లో లేదు. స్క్రిప్టు రాసినవాడు రాసినట్టే చదవకండి. ఒకసారి ఇంట్లో ఎలా అంటారో అలా అనిపించి, దాన్నే రాసుకోండి.

లక్షణం: గదిలో తీసిన సీన్లలో నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైట్లూ, చవక ఎల్‌ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర బిగిస్తే చారలు పోతాయి. షూట్ అయిపోయాక ఆ చారలను పోగొట్టడం కష్టం, ఆ సీను మళ్లీ తీయడమే తేలిక.

లక్షణం: గండికోట సీన్లో మాటలు వినపడవు, హోరు ఒక్కటే

పెన్న లోయ అంచున గాలి అలాగే ఉంటుంది, యాప్‌లతో ఆ హోరును పూర్తిగా తీసేయడం కష్టం. కాలర్ మైకుకు బొచ్చు తొడుగు వేయండి, దొరక్కపోతే చొక్కా లోపల పెట్టండి. అదీ కుదరకపోతే, సీను అయిపోయాక అక్కడే గోడ చాటుకు వెళ్లి నటులతో డైలాగులు మళ్లీ చెప్పించి రికార్డు చేసుకోండి. కడప నుంచి అంత దూరం రెండోసారి పోవాల్సిన పని తప్పుతుంది. అది పురావస్తు శాఖ కింద ఉన్న కోట. ట్రైపాడ్, మైకులతో దిగేముందు అనుమతి సంగతి కనుక్కుని వెళ్లండి.

లక్షణం: బొమ్మ మసకగా, గళ్లుగళ్లుగా ఉంది

ఆ క్లిప్పులు మీకు వాట్సాప్‌లో వచ్చాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కేబుల్ పెట్టి తీసుకోండి.

అరుదుగా వచ్చేవి కొన్ని. శాంపుల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) రికార్డర్లో 44.1 కిలోహెర్ట్జ్, ప్రాజెక్టులో 48 ఉంటే సింక్ జారుతుందని ఇంటర్నెట్‌లో చదివి వస్తారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దాన్ని తామే మార్చుకుంటాయి, దాని వెంట పడకండి. కొత్త ఫోన్ల ఫైళ్లు పాత ల్యాప్‌టాప్‌లో ఆగిఆగి నడిస్తే అది సింక్ సమస్య కాదు, ఆ ఫార్మాట్ మీ ల్యాప్‌టాప్‌కు బరువు అంతే. పైన చెప్పిన హ్యాండ్‌బ్రేక్ మార్పిడితోనే అదీ తీరుతుంది. సినిమా పాట వాడితే యూట్యూబ్ ఆపొచ్చు, కాబట్టి మీలో డప్పో కీబోర్డో వాయించేవాడితో ఒక ముక్క వాయించుకోండి.

ఒక్కటి మాత్రం అరుదైనా చెప్పాలి. అంతా సరిచేసుకున్న ట్రైలర్ కూడా ప్రదర్శన రోజు కాలేజీ హాల్లో జారొచ్చు. ప్రొజెక్టరుకు కేబుల్ పెట్టి, స్పీకర్‌ను మాత్రం బ్లూటూత్‌లో కలిపి ఉంటారు. ముందురోజు సాయంత్రం వాచ్‌మన్‌ను అడిగి హాలు తీయించుకుని, స్పీకర్‌కు వైరు తగిలించి, చప్పట్లు కొట్టిన క్లిప్పు ఒకటి వేసి చూడండి. చేతులు కలిసిన క్షణానే శబ్దం వినపడితే ల్యాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్లొచ్చు.