వియత్నాంలో వారం రోజులు – 3వ పాఠం: పూటల లెక్క

మొదటి పాఠంలో నెల ఖాయం చేసుకున్నాం. అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్య వియత్నాంలో వానలు దంచికొడతాయని, హోయ్ ఆన్ పాత ఊరి వీధుల్లోకి నది నీళ్ళు వచ్చేస్తుంటాయని, అందుకే మన దసరా, దీపావళి సెలవులు ఈ దారికి అంత మంచివి కావని అక్కడే చెప్పాను. రెండో పాఠంలో ఇ-వీసా సంగతి చూశాం, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు. అలాగే ఉత్తరాన హనోయ్‌లో దిగి, దక్షిణాన హో చి మిన్ సిటీ నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్లు వెతకమన్నాను, వచ్చిన దారినే వెనక్కి రావడంలో ఒక రోజు ఊరికే పోతుంది కాబట్టి. ఆ రెండూ చదవకపోయినా పర్వాలేదు, ఈ పాఠం విడిగా కూడా పనికొస్తుంది.

ఈ రోజు ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు. ఫోన్ పక్కన పెట్టేయండి. పేజీ మీద ఏడు నిలువు వరుసలు గీసి, ఒక్కోదాన్ని మధ్యలో అడ్డంగా కొట్టండి. పైన పొద్దున పూట, కింద మధ్యాహ్నం పూట. మొత్తం 14 గళ్ళు. రాత్రులు లెక్కలోకి వద్దు.

ఊళ్ళ పేర్లు రాసుకుని వాటి మధ్య రోజులు పంచడం మనందరం చేసే పనే. నేనూ అలాగే చేశాను. అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్ళినప్పుడు హనోయ్, హా లాంగ్ (సముద్రంలో కొండల దీవులున్న అఖాతం), డానాంగ్, హోయ్ ఆన్, హో చి మిన్ సిటీ అని ఏడు రోజుల్లో ఐదు మకాములు పెట్టాను, కాగితం మీద చాలా బాగా కుదిరింది. హోయ్ ఆన్‌లో మూడు నాలుగు పూటలు కాదు, ఒకే ఒక్క సాయంత్రం దొరికింది. థు బోన్ నది మెట్ల మీద అమ్మ కూర్చుంది, పక్కన ఒక పెద్దావిడ కాగితం దీపాల్లో చిన్న చిన్న కొవ్వొత్తులు వెలిగించి వరసగా పెడుతోంది, గాలికి ఒకటి ఆరిపోతే అరచెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ వెలిగిస్తోంది. అమ్మ ఆవిడ చేతుల్నే చూస్తోంది. మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకి బండి, ఇంకా పెట్టెలు సర్దలేదు, అందుకని నేనే తొందరపెట్టి లేపేశాను. ఇంటికొచ్చాక ఆ ప్రయాణం గురించి ఎవరడిగినా అమ్మ చెప్పేది ఆ మెట్ల గురించే, ఇంకాసేపు కూర్చుంటే బాగుండేదని. ఆ తర్వాతే నేను ఊళ్ళు లెక్కపెట్టడం మానేసి పూటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పెన్సిల్ తీసుకోండి. ముందు చూడాల్సినవి రాయొద్దు, పోయే పూటలు కొట్టేయండి.

మొదటి రోజు పొద్దున గడి కొట్టేయండి. రాత్రి విమానంలో సరిగ్గా నిద్ర ఉండదు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, నోయ్ బాయ్ విమానాశ్రయం నుంచి హనోయ్ పాత బస్తీకి దాదాపు 30 కిలోమీటర్లు, పైగా హోటళ్ళలో గది మధ్యాహ్నం రెండింటి దాకా ఇవ్వరు. ఏడో రోజు మధ్యాహ్నం గడి కూడా కొట్టేయండి, అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి కదా. ఇక 12.

ఇప్పుడు అసలు విషయం. మకాం మారిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. హనోయ్ నుంచి డానాంగ్‌కి విమానం గంటా ఇరవై నిమిషాలేగా అనిపిస్తుంది. హోటల్లో లెక్క చూసుకుని బయటపడటానికి అరగంట, విమానాశ్రయానికి ముప్పావుగంట, అక్కడ గంటన్నర, విమానంలో గంటా ఇరవై, పెట్టెలు వచ్చేదాకా అరగంట, డానాంగ్ నుంచి హోయ్ ఆన్‌కి 30 కిలోమీటర్లు కారులో ఇంకో ముప్పావుగంట. కూడి చూడండి, ఐదు గంటల పైనే. భోజనం కూడా కలిపితే పూట గడిచిపోయినట్టే.

రైల్లో రాత్రి పడుకుని వెళ్ళిపోతే హోటల్ ఖర్చూ మిగులుతుంది, పూటా మిగులుతుంది కదా అని చాలామంది అడుగుతారు. మనకి రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగడం అలవాటు, అందుకే అలా అనిపిస్తుంది. హనోయ్ నుంచి డానాంగ్‌కి రైలు దారి 791 కిలోమీటర్లు, పట్టేది 16, 17 గంటలు. రాత్రి ఏడెనిమిదికి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి దిగుతారు. ఆ పొద్దున పూట ఎలాగూ పోయింది, నిద్ర కూడా సగమే.

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. ప్రయాణమే చూడదగ్గదైతే ఆ పూట కొట్టేయక్కర్లేదు. హువే నుంచి డానాంగ్‌కి వచ్చే రైలు హై వాన్ కొండల అంచునే సముద్రాన్ని ఆనుకుని మెలికలు తిరుగుతూ వస్తుంది, దాదాపు 100 కిలోమీటర్లకి రెండున్నర, మూడు గంటలు పడుతుంది, ఎవరూ కిటికీ వదిలి లేవరు. డానాంగ్ వైపు వస్తున్నప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది, సీటు అటు చూసుకోండి.

నా పాత ఐదు మకాముల లెక్క ఈ పద్ధతిలో వేస్తే, రాకపోకలకి రెండు పూటలు, మకాం మార్పులకి ఐదు (హా లాంగ్ నుంచి హనోయ్ విమానాశ్రయానికి వెనక్కి వచ్చి డానాంగ్ చేరడానికే రెండు పోయాయి), మిగిలినవి ఏడు. మూడున్నర రోజుల కోసం ముగ్గురం అంత డబ్బు పెట్టుకుని వెళ్ళామన్నమాట. పొడవునా 1,650 కిలోమీటర్లున్న దేశం అది. వారంలో రెండు మకాములు హాయిగా నడుస్తాయి, మూడైతే కష్టం మీద.

నేను ఇప్పుడు ఎవరికైనా వేసిచ్చేది ఇది. హనోయ్‌లో మూడు రాత్రులు, హోయ్ ఆన్‌లో మూడు రాత్రులు. నాలుగో రోజు పొద్దున గడి ప్రయాణానికి పోతుంది, ఏడో రోజు పొద్దున డానాంగ్ నుంచి హో చి మిన్ సిటీకి విమానం, సాయంత్రమో రాత్రో ఇంటికి. కొట్టేసినవి నాలుగు, మిగిలినవి పది. ఆ చివరి రోజు ఒక్క జాగ్రత్త: దేశంలోపలి టికెట్టు, ఇంటికొచ్చే టికెట్టు విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు. మధ్యలో ఐదారు గంటలైనా ఉంచండి. అంతకంటే తక్కువ వ్యవధి కనిపిస్తే మాత్రం కొనకండి, ఆ టెన్షన్ ముందురోజు నుంచే మొదలవుతుంది.

పదిలో రెండు గళ్ళు ఖాళీగా వదలాలి, మూడో రోజు మధ్యాహ్నం ఒకటి, ఐదో రోజు మధ్యాహ్నం ఒకటి. పెద్దవాళ్ళు ఉంటే ఇది తప్పనిసరి. ఎండా, ఉక్కా మన కోస్తా జిల్లాల్లాగే ఉంటాయి, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే సాయంత్రం మనిషి మనిషిలా ఉంటాడు. వాన వల్ల ఏదైనా ఆగిపోతే జరపడానికి చోటు కూడా అదే.

ఇక నింపండి. మొదటి రోజు మధ్యాహ్నం దూరాలు పెట్టుకోకండి, హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ నడవండి, చాలు. రెండో రోజు రెండు గళ్ళూ కలిపి నిన్ బిన్‌కి ఇవ్వండి. హనోయ్‌కి దక్షిణాన వంద కిలోమీటర్ల లోపే, కారులో రెండు గంటలు. వరిచేల మధ్య సున్నపురాయి కొండలు నిలబడి ఉంటాయి, వాటి కింద గుహల్లోంచి పడవలు వెళ్తాయి. తామ్ కోక్ దగ్గర పడవ నడిపేవాళ్ళు వెనక్కి వాలి కూర్చుని పాదాలతో తెడ్లు వేస్తారు, చేతులు ఖాళీ, ఒకావిడైతే ఆ చేతులతో గొడుగు పట్టుకుని పక్క పడవవాళ్ళతో కబుర్లు చెబుతోంది. హా లాంగ్ వద్దా అని అడుగుతారు. అదీ అందమైనదే, కానీ పోను రెండున్నర, రాను రెండున్నర గంటలు, పైగా తుఫాను హెచ్చరిక వస్తే పడవల్ని ఆపేస్తారు. పడవలో రాత్రి బస చేయాలనుంటే దాన్ని మూడో మకాంగా లెక్కపెట్టి హనోయ్‌లో ఒక రాత్రి తగ్గించుకోండి. నిన్ బిన్, హా లాంగ్ రెండూ పెట్టుకోవద్దు.

మూడో రోజు పొద్దున హో చి మిన్ సమాధి, 1070లో కన్ఫ్యూషియస్ కోసం కట్టిన సాహిత్య దేవాలయం. సమాధి పొద్దునపూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాలు సెలవు, అందుకే మీ మూడో రోజు ఏ వారమవుతుందో ఇప్పుడే చూసుకోండి.

ఐదో రోజు పొద్దున మీ సన్ (My Son) అనే పాత గుళ్ళ చోటు. హోయ్ ఆన్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఈ ఒక్కటీ వదలొద్దని నేను బతిమాలతాను. నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా చంపా (మధ్య వియత్నాంలో ఒకప్పటి రాజ్యం) రాజులు కట్టిన ఇటుక గుళ్ళు, ఎక్కువ భాగం శివుడివే. రాజుల పేర్లు భద్రవర్మ, శంభువర్మ. సంస్కృత శాసనాలు అక్కడే నిలబడి ఉన్నాయి. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గోపురం కూలిపోయింది, ఆ గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2020లో మన భారత పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తుంటే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. నాన్న ఆ ఇటుకల సందులో వేలి గోరు పెట్టి చూశారు, దూరలేదు. ఎండెక్కక ముందే చేరండి, పదింటికల్లా తిరిగి బయలుదేరవచ్చు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆరో రోజు మొత్తం హోయ్ ఆన్‌కే. చేయడానికి పెద్దగా ఏమీ రాయకండి, సైకిలు మీద వరిచేలు, ఆన్ బాంగ్ బీచ్, పొద్దున ఎనిమిదిలోపు జనం లేని పసుపు గోడల సందులు. ఒకటి మాత్రం క్యాలెండర్‌లో చూడండి. వాళ్ళ చాంద్రమాన నెలలో 14వ రాత్రి పాత ఊళ్ళో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లే వెలిగిస్తారు. మన పంచాంగంలో పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు పడుతుంది. మీ మూడు రాత్రుల్లో ఒకటి దానికి కలిసేలా తేదీలు జరుపుకోగలిగితే జరుపుకోండి.

దక్షిణం అంతా వదిలేయాలా అంటే, ఈ వారానికి వదిలేయాలి. మెకాంగ్ నది డెల్టా, యుద్ధకాలపు కూ చీ సొరంగాలు చూడాలనే కోరిక గట్టిగా ఉంటే హనోయ్ తీసేసి హో చి మిన్ సిటీలో మూడు రాత్రులు పెట్టుకోండి, టికెట్లు కూడా దానికి తగ్గట్టు మార్చుకుని. రెండు మకాములన్న లెక్క మాత్రం దాటకండి.

వచ్చే పాఠానికి ముందు మీ 14 గళ్ళ పేజీ నింపి ఉంచండి, ఖాళీ గళ్ళు రెండూ చెరిపేయకుండా. తర్వాతి పాఠం డబ్బు గురించి: 20,000 డాంగ్ నోటు, 5,00,000 డాంగ్ నోటు రెండూ నీలంగానే ఉంటాయి, రాత్రిపూట టాక్సీలో ఒకదానికి బదులు ఇంకొకటి ఇచ్చేయకుండా పర్సులో వాటిని ఎలా విడదీసి పెట్టుకోవాలో అక్కడ మొదలుపెడదాం.