వీకెండ్ టెస్ట్‌లో ర్యాంకు పడిపోయిన రాత్రి ఏం చేయాలి

ఆదివారం టెస్ట్ రాస్తారు, సోమవారం సాయంత్రానికి ర్యాంకు లిస్టు గోడ మీద అంటిస్తారు. పై నుంచి పేరు వెతుక్కుంటూ కిందికి వచ్చేసరికి కాళ్ళల్లో బలం పోతుంది. ఆ రాత్రి స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచే ఉంటుంది కానీ తలలో ఒకటే మాట తిరుగుతూ ఉంటుంది: "నేను డల్. నాకు ఎంబీబీఎస్ సీటు రాదు." బైపీసీ చదివే పిల్లలు నాతో ఎక్కువగా చెప్పేది ఇదే. ఇంటర్ రెండేళ్ళు, ఆ తర్వాత లాంగ్ టర్మ్ (సీటు రానివాళ్ళు మళ్ళీ రాయడానికి తీసుకునే కోచింగ్) ఒక ఏడాది నేనూ ఈ మాటతోనే నిద్రపోయాను. ఇప్పుడు హౌస్ సర్జెన్సీ, అంటే ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో చేసే ట్రైనింగ్, చేస్తున్నాను. ఆ రాత్రులు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ భయాన్ని విడదీసి చూడు. "నేను డాక్టర్ అవ్వగలనా" అన్నదాంట్లో మూడు వేరే వేరే ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఈ టెస్ట్‌లో మార్కులు ఎందుకు పోయాయి? ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌లో సీటు వస్తుందా? అసలు ఈ పని నాకు ఇష్టమేనా? మొదటిదానికి జవాబు ఈ రాత్రే దొరుకుతుంది. రెండోదానికి జవాబు ఇవాళ ఎవరి దగ్గరా లేదు, మీ లెక్చరర్ దగ్గర కూడా లేదు. మూడోదానికి హాస్టల్ బయటికి వెళ్ళి చూసి రావాలి. మూడింటినీ కలిపి ఒకేసారి మోస్తే ఏదీ తేలదు, తల బరువెక్కడం తప్ప.

కాబట్టి మొదటిది పట్టుకో. ప్రశ్నపత్రం, కీ, నీ ఓఎంఆర్ (జవాబులు దిద్దిన షీటు) కాపీ ముందు పెట్టుకుని, తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా అది ఎందుకు తప్పయిందో ఒక గుర్తు పెట్టు. తెలిసి కూడా పొరపాటు చేశావా, రెండు ఆప్షన్ల మధ్య ఊగావా, గుడ్డిగా పెట్టావా, నిజంగానే రాదా? ఈ నాలుగు చాలు. నీట్ పేపర్ 180 ప్రశ్నలు, 720 మార్కులు, 180 నిమిషాలు, ఒప్పుకి 4, తప్పుకి 1 కోత. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 104 ఒప్పు, 46 తప్పు, 30 వదిలేశావు అనుకో. 416లోంచి 46 పోతే 370. నోటీసు బోర్డు మీద కనిపించేది అదే, నిన్ను డల్ అనిపించేదీ అదే. ఇప్పుడు ఆ 46 విడగొడితే 14 పొరపాట్లు, 12 ఊగిసలాట, 11 గుడ్డివి, 9 నిజంగా రానివి అని తేలిందనుకో. ఆ 14 సరిగ్గా పెడితే ఒక్కోదానికి 5 చొప్పున (4 వస్తాయి, 1 కోత తప్పుతుంది) 70 కలుస్తాయి, ఆ 11 ముట్టుకోకుండా ఉంటే ఇంకో 11. అంటే 451. కొత్తగా ఒక్క చాప్టర్ కూడా చదవకుండా. ఆ 46లో నిజంగా రానివి తొమ్మిదే, వాటి కోసం నువ్వు మొత్తం నిన్నే కొట్టిపారేసుకుంటున్నావు.

పొరపాటు అంటే ఏంటో దగ్గరగా చూడు. లెన్స్ నాభ్యంతరం 20 సెం.మీ. ఇచ్చి సామర్థ్యం అడుగుతాడు. ఫార్ములా నీకు వచ్చు, ఒకటి బై ఎఫ్. కానీ సెంటీమీటర్లని మీటర్లు చేయడం మర్చిపోయి 0.05 తెస్తావు, ఆప్షన్లలో అదీ ఉంటుంది, హాయిగా దాన్నే దిద్దేస్తావు. జవాబు 5 డయాప్టర్లు. బయాలజీలో అయితే "కింది వాటిలో సరికానిది ఏది" అన్న చోట "సరికానిది" చదవకుండా మొదటి సరైన వాక్యం దగ్గరే ఆగిపోతావు. ఇది తెలివికి సంబంధించింది కాదు, చూపుకి సంబంధించింది. "సరికానిది" కనిపించగానే దాని చుట్టూ పెన్నుతో గీత గీయడం, ఫిజిక్స్‌లో లెక్క మొదలుపెట్టే ముందు యూనిట్లు పక్కన రాసుకోవడం, ఈ రెండు అలవాట్లు వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు. మూడు నాలుగు టెస్టులు వరసగా ఇలా గుర్తులు పెడితే నీ తప్పులు ఎక్కడ గుమిగూడుతున్నాయో నీకే కనబడుతుంది.

ఇక నిజంగా రానివాటి సంగతి. చాలామంది బయాలజీని నాలుగు రంగుల హైలైటర్లతో అయిదోసారి చదువుతారు, చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, హాల్లో మాత్రం గుర్తు రాదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. గుండె చాప్టర్ చదివాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద కుడి కర్ణిక నుంచి మొదలుపెట్టి రక్తం ఎటు వెళ్తుందో గీసుకుంటూ పో. పుపుస ధమని దగ్గర చేయి ఆగిందా, ధమనే కదా మంచి రక్తం ఉండాలి కదా అనిపించిందా? అక్కడే నీ ఖాళీ. అందులో వెళ్ళేది ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఒక్క పేరా చదువు, రేపు మళ్ళీ గీయి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని లైన్లకీ ఇదే పద్ధతి. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, పొద్దున క్లాసులో తూలుతూ ఉంటే చదివింది నిలవదు, ఆ అలసటే పొద్దునకి "నా వల్ల కాదు" అన్న మాటగా మారుతుంది.

రెండో ప్రశ్న, సీటు వస్తుందా. నిజం చెప్తాను. నీట్ రాసేవాళ్ళు ఏటా ఇరవై లక్షలు దాటుతున్నారు, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అంటే బాగా చదివినవాళ్ళలో కూడా చాలామందికి రాదు, వాళ్ళు డల్ కాబట్టి కాదు. పోయినేడాది సీనియర్ మార్కులతో నీ మార్కులు పోల్చుకోవడమూ మానెయ్. 2024లో ఏకంగా 720కి 720 వచ్చినవాళ్ళున్నారు, 2025లో ఫిజిక్స్ కష్టంగా వచ్చి దేశం మొత్తంలో మొదటి ర్యాంకుకే 686. పేపర్ మారితే అంకె మారుతుంది. నీ పోలిక నీ పోయిన నెల పేపర్‌తోనే ఉండాలి. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, పై వయసు పరిమితి కూడా 2022లో తీసేశారు. అలాగని ఊరికే మళ్ళీ మళ్ళీ రాయమని చెప్పను. ఏ తప్పులు సరిచేసుకోవాలో నీ నోట్‌బుక్‌లో స్పష్టంగా ఉంటే లాంగ్ టర్మ్‌కి వెళ్ళు. చుట్టాలు ఏమనుకుంటారో అన్న భయంతో మాత్రం వెళ్ళకు, ఆ ఏడాది చాలా పొడుగ్గా ఉంటుంది. అగ్రికల్చర్, ఫార్మసీ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ కూడా సీరియస్‌గా రాయి, అవీ నిజమైన చదువులే. నర్సింగ్, ఫిజియోథెరపీ చేసినవాళ్ళు లేకపోతే మా వార్డు ఒక్క పూట నడవదు.

మూడోది, ఇష్టమేనా. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్యనో అమ్మమ్మనో బీపీ చెకప్‌కి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళే పని నువ్వు తీసుకో. ఓపీ చీటీ రాయించుకుని లైన్లో కూర్చుని రెండు గంటలు చూడు. అదే దగ్గు, అదే మోకాళ్ళ నొప్పి యాభైమంది చెప్తుంటే యాభైయొకటో మనిషిని కూడా డాక్టర్ ఎలా వింటున్నారో చూడు. నా పనిలో రోజూ కావాల్సింది ఆ ఓపికే, నైట్ డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటికి కేస్ షీట్ తప్పులేకుండా రాయగలిగే శ్రద్ధే. నిమిషంలో లెక్క చేసే వేగం సీటు కోసం కావాలి, వార్డులో దాని అవసరం చాలా తక్కువ. అది చూసి వచ్చాక కూడా కావాలనిపిస్తే ఆ కోరిక నీది. ఊపిరాడనట్టు అనిపిస్తే అదీ తెలుసుకోవాల్సిందే, ఇప్పుడే తెలిస్తే మేలు.

ఇంట్లో చెప్పే పద్ధతి కూడా ఒకటుంది. ఫోన్‌లో "ఎలా రాశావు" అంటే "బాగానే" అని పెట్టేయకు. "నాన్నా, 370 వచ్చాయి, పోయినవాటిలో 70 పొరపాట్ల వల్లే పోయాయి, వచ్చే రెండు టెస్టుల్లో అవి తగ్గించే పనిలో ఉన్నాను" అని చెప్పి చూడు. అంకె ఒక్కటే వింటే వాళ్ళకి భయం వేస్తుంది, ఆ భయమే తిట్టుగా బయటికొస్తుంది. అంకె వెనక నువ్వేం చేస్తున్నావో వింటే చాలామంది నెమ్మదిస్తారు.

ఇవన్నీ చేస్తున్నా కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, పుస్తకం పక్కన పెట్టి అదే రాత్రి వార్డెన్‌నో, స్నేహితురాలినో లేపి చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్లో చేతిలో ఫోన్ ఉండదు కాబట్టి ఆ నంబర్ ఇప్పుడే నీ రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసిపెట్టు. నీకు అవసరం రాకపోయినా నీ పక్క మంచం వాళ్ళకి రావచ్చు.