మలేరియా మందులు జాగ్రత్తగా వాడటం – 4వ పాఠం: ప్రిమాక్విన్ ఎప్పుడు ఆపకూడదు, ఎప్పుడు ఆపాలి

కిందటి పాఠంలో జ్వరాన్ని దించే మూడు రోజుల మాత్రల గురించి చదువుకున్నాం. ఈసారి జ్వరం పోయాక కూడా మింగుతూ ఉండాల్సిన మాత్ర సంగతి. ప్రిమాక్విన్ రాసేటప్పుడు డాక్టర్లు రెండు మాటలు చెబుతారు. మధ్యలో ఆపొద్దు అన్నది ఒకటి. ఫలానా గుర్తు కనిపిస్తే వెంటనే ఆపేయండి అన్నది రెండోది. రోగికి అప్పటికే జ్వరంతో నీరసం, ఇంట్లోవాళ్లకు టెన్షన్. ఆ స్థితిలో రెండు మాటలూ కలగాపులగం అయిపోతాయి. ఆపకూడనప్పుడు ఆపేసేవాళ్లు కొందరు, ఆపాల్సినప్పుడు ఓర్చుకుని మింగేవాళ్లు కొందరు. ఏ మాట ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడమే ఈ పాఠంలో మనం నేర్చుకునే పని.

జ్వరం పోయాక ఇంకా మందెందుకు?

వైవాక్స్, ఓవేల్ అనే రెండు రకాల మలేరియా పరాన్నజీవులు రక్తంలో మాత్రమే ఉండవు. కొన్ని కాలేయంలో చేరి నిద్రాణంగా ఉండిపోతాయి. క్లోరోక్విన్ గానీ, ఆర్టెమిసినిన్ కలిసిన మాత్రలు గానీ రక్తంలో ఉన్నవాటిని చంపుతాయి, జ్వరం దిగుతుంది. కాలేయంలో ఉన్నవాటిని అవి తాకలేవు. కొన్ని వారాలకో, నెలలకో అవి లేచి మళ్లీ రక్తంలోకి వస్తాయి. దోమ కొత్తగా కుట్టకపోయినా చలిజ్వరం తిరగబెడుతుంది. ఆ దాగినవాటిని చంపేందుకే ప్రిమాక్విన్.

అందుకే ఈ మాత్ర వల్ల కలిగే మేలు రోగికి కంటికి కనిపించదు. నాలుగో రోజుకే ఒళ్లు తేలికపడుతుంది, ఆకలి వేస్తుంది, ఇంకా మాత్రలెందుకులే అనిపిస్తుంది. చాలా కోర్సులు ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

సాధారణంగా పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, 14 రోజులు ఇస్తారు. కొన్ని ప్రాంతాల్లో 0.5 మిల్లీగ్రాములు ఇస్తారు. రోజుకు 0.5 చొప్పున 7 రోజుల్లో ముగించే పద్ధతీ ఉంది. ఫాల్సిపారం రకానికైతే ఒకే ఒక్క చిన్న మోతాదు రాస్తారు. రోగి నుంచి దోమకు, దోమ నుంచి మరొకరికి జబ్బు పాకకుండా ఉండేందుకు అది. కాబట్టి పక్కింటివాళ్ల చీటీకీ మీ చీటీకీ తేడా ఉంటే కంగారు పడొద్దు, వాళ్లది చూసి మీది మార్చుకోనూ వద్దు.

పెట్టె మీద అంకెలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 26.3 మిల్లీగ్రాముల ప్రిమాక్విన్ ఫాస్ఫేట్‌లో అసలు మందు 15 మిల్లీగ్రాములే. కొన్ని పెట్టెల మీద రెండంకెలూ ఉంటాయి. డాక్టరు 15 అని రాస్తే, పెట్టె మీద 26.3 చూసి మాత్రను సగానికి విరవకండి. అనుమానం వస్తే పెట్టెనే తీసుకెళ్లి మందుల షాపులో ఫార్మసిస్టుకు చూపించండి.

మొదటి మాత్రకు ముందు

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, నిదానంగా చదవండి. మన ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము ఒకటుంది. కొందరిలో అది పుట్టుకతోనే తక్కువ. ప్రపంచంలో అలాంటివాళ్లు 40 కోట్ల మంది దాకా ఉంటారని అంచనా. చాలామందికి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే మామూలు రోజుల్లో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ప్రిమాక్విన్ మింగితే మాత్రం వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. నిజానికి ఈ లోపం బయటపడింది కూడా ఈ మందు వల్లే. ప్రిమాక్విన్ వేసుకున్నవాళ్లలో కొందరికే రక్తం ఎందుకు తగ్గిపోతోందని పరిశోధకులు వెతుకుతూ పోయి, 1956లో కారణం ఈ ఎంజైము కొరత అని తేల్చారు.

కాబట్టి రోజూ వేసుకునే కోర్సు మొదలుపెట్టే ముందు డాక్టరును సూటిగా అడగండి: "నాకు జీ6పీడీ పరీక్ష చేశారా? ఫలితం ఏమిటి?" ఇలా అడగడానికి మొహమాటపడొద్దు. మీ ఇంట్లో ఎవరికైనా ఏదో మందు వాడాక మూత్రం నల్లగా వచ్చినా, కామెర్లు వచ్చినా, రక్తం ఎక్కించాల్సి వచ్చినా ఆ మాట కూడా చెప్పండి. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది. మగవాళ్లకు ఆ క్రోమోజోమ్ ఒకటే కాబట్టి లోపం ఉంటే పరీక్షలో స్పష్టంగా తెలుస్తుంది. ఆడవాళ్లకు రెండుంటాయి, కొందరిలో ఎంజైము మధ్యస్థంగా ఉంటుంది. అలాంటివాళ్లకు మామూలు స్ట్రిప్ పరీక్ష బాగానే ఉందని చూపించే అవకాశం ఉంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కూడా ఫలితం నమ్మదగినట్టు రాకపోవచ్చు. అందుకే పరీక్ష బాగుందన్నా కింద చెప్పే గుర్తులను కనిపెట్టుకుని ఉండాలి.

లోపం ఉందని తేలినవాళ్లకు దారి మూసుకుపోదు. వారానికి ఒక మోతాదు చొప్పున 8 వారాలు, డాక్టరు దగ్గరుండి గమనిస్తూ ఇచ్చే పద్ధతి ఉంది. అది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు.

గర్భిణులకు, 6 నెలల లోపు పిల్లలకు ప్రిమాక్విన్ ఇవ్వరు. గర్భంలో ఉన్న బిడ్డకు ఈ లోపం ఉందో లేదో తెలుసుకోలేం. పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పక చెప్పాలి. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పాలి.

రోజూ చేయాల్సింది

భోజనం చేశాకే మాత్ర వేసుకోండి. పరగడుపున మింగితే కడుపులో నొప్పి, వికారం వస్తాయి. చాలామంది మందు పడలేదనుకునేది దీన్ని చూసే. క్యాలెండర్‌లో మొదటి రోజు దగ్గర 1 అని, చివరి రోజు దగ్గర 14 అని ముందే రాసిపెట్టండి. సోమవారం మొదలుపెడితే ఆఖరి మాత్ర మరుసటి వారం ఆదివారం పడుతుంది. వేసుకున్న ప్రతిసారీ టిక్కు పెట్టండి.

పొద్దున మరిచిపోయి సాయంత్రం గుర్తొస్తే అప్పుడు వేసుకోవచ్చు. మర్నాటికి గుర్తొస్తే రెండు కలిపి మింగకూడదు. తప్పిన రోజును రాసుకుని, చివర్లో ఏం చేయాలో డాక్టరును అడగండి. మింగిన కాసేపటికే వాంతి అయితే కూడా అంతే, ఫోన్ చేసి అడిగాకే ఇంకోటి.

ఇక మూత్రం రంగు. మొదటి మాత్రకు ముందే ఒకసారి వెలుతురులో చూసి గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత రోజూ చూడండి. జ్వరంలో నీళ్లు తక్కువ తాగితే ముదురు పసుపుగా ఉంటుంది, తాగితే పలచబడుతుంది. అది భయపడాల్సింది కాదు. ఎరుపు, గోధుమ, టీ డికాషన్ రంగు అయితే వేరే సంగతి.

ఆపాల్సిన గుర్తులు

మూత్రం ఆ రంగుల్లోకి మారడం, కళ్లు పచ్చబడటం, నాలుక, కనురెప్పల లోపలి భాగం పాలిపోవడం, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం, గుండెదడ, నడుములో నొప్పి, పెదాలు, గోళ్లు నీలంగా మారడం. వీటిలో ఒక్కటి కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. ఇలాంటి ఇబ్బంది ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడుతుంది. రోగి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా అది మలేరియాయే ముదిరిన గుర్తు కావచ్చు. అప్పుడూ క్షణం ఆగొద్దు.

14 రోజుల కోర్సు విసుగే, కానీ ఆ రోజువారీ పద్ధతిలో ఒక రక్షణ ఉంది. ప్రిమాక్విన్ శరీరంలో ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆపితే ప్రభావం త్వరగా తగ్గుతుంది. ఒక్క మోతాదుతో ముగిసే టఫెనోక్విన్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, మింగాక వెనక్కి తీసుకోలేం. అందుకే దానికి ఎంజైము ఎంత ఉందో కొలిచే పరీక్ష తప్పనిసరి.

అభ్యాసం

జవాబు చూడకుండా ముందు మీరే ఆలోచించండి.

ఒకరికి ఐదో రోజు. జ్వరం లేదు, మూత్రం మామూలుగానే ఉంది, కానీ పొద్దున్నే మాత్ర వేసుకోగానే వికారం. ఆపాలా? అక్కర్లేదు. వేళ మార్చి భోజనం తర్వాత వేసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

ఇంకొకరికి మూడో రోజు సాయంత్రం. పరీక్ష బాగుందన్నారు, నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం మాత్రం డికాషన్ రంగులో వచ్చింది. పొద్దున చూద్దామనుకోవచ్చా? కూడదు. మాత్ర ఆపి ఆ రాత్రే వెళ్లాలి.

మూడోది. ఒకరు కోర్సు వాడిన నెలకు ఇంట్లో మరొకరికి చలిజ్వరం వచ్చింది. డబ్బాలో నాలుగు ప్రిమాక్విన్ మాత్రలు మిగిలి ఉన్నాయి. వాటిని వేయొచ్చా? వేయకూడదు. రక్తపరీక్షలో మలేరియా ఉందో లేదో, ఉంటే ఏ రకమో తేలాలి, జీ6పీడీ సంగతి తెలియాలి, బరువును బట్టి మోతాదు రాయించుకోవాలి. అదీకాక లెక్కపెట్టి ఇచ్చిన మాత్రల్లో నాలుగు మిగిలాయంటే మొదటివాళ్ల కోర్సు పూర్తికాలేదు. వాళ్లకు ఇప్పుడు జ్వరం లేకపోయినా సరే, ఇద్దరినీ కలిపే తీసుకెళ్లండి.

వచ్చే పాఠం: పిల్లల బరువు తూచి మోతాదు సరిచూసుకోవడం.