వంతెన మీద నడకదారి కావాలా? ముందు టేపు కొనండి

రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ విశాఖలో కంచరపాలెం వైపు నుంచి డ్యూటీకి సైకిలే. హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని, పట్టాల మీది వంతెన ఎక్కి దిగడం. అప్పట్లో దాని మీద దారి ఉందా లేదా అని ఎప్పుడూ చూసుకోలేదు. రిటైరయ్యాక ఒక సాయంత్రం మా ఆవిడతో అదే వంతెన మీద నడుస్తుంటే వెనకనుంచి వచ్చిన ఆటో అద్దం ఆవిడ మోచేతికి తగిలింది. దెబ్బ పెద్దది కాదు, రెండు గాజులు పగిలాయి. ఆటో కుర్రాడు మంచివాడే, బండి ఆపాడు. "ఫుట్‌పాత్ ఉంది కదా పిన్నిగారూ, రోడ్డు మీదెందుకు నడుస్తున్నారు?" అన్నాడు. "నువ్వొకసారి దానిమీద నడిచి చూపించు బాబూ" అంది ఆవిడ. వాడు అటు చూసి, నవ్వేసి, వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు దగ్గర మొదలైన తిరుగుడు ఇది. మీ ఊళ్ళోనో, మీ వార్డులోనో వంతెన మీద నడకదారి, సైకిల్ దారి కావాలని మీకూ ఉంటే, నేను పోగొట్టుకున్న నెలలు మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ వంతెన ఎవరిదో తెలుసుకోండి. నేను ఈ పని చివర చేశాను, అదే నా తప్పు. నా మొదటి అర్జీ ఒక ఆఫీసులో ఏడు నెలలు పడుకుంది. వెళ్ళినప్పుడల్లా "చూస్తున్నాం మాస్టారూ" అనేవారు. ఏడో నెలలో ఒక పెద్దమనిషి ఫైలు తెరిచి, "అరె, ఈ బ్రిడ్జి మాది కాదండీ" అన్నాడు. మన విశాఖలోనే చూడండి. ఎన్ఏడీ జంక్షన్ ఫ్లైఓవర్ కట్టింది వీఎంఆర్డీఏ, అంటే ఇక్కడి మహానగర అభివృద్ధి సంస్థ. గెడ్డల (వాగుల) మీది చిన్న కల్వర్టులు చాలావరకు జీవీఎంసీ, అంటే మన నగర కార్పొరేషన్, చూసుకుంటుంది. జాతీయ రహదారి మీదివాటి లెక్క వేరు, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్ళవి వేరు. రైలు పట్టాల మీది వంతెనైతే ఒకే వంతెనకు ఇద్దరు యజమానులుంటారు. సాధారణంగా పట్టాల మీది స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) రైల్వేది, అటూ ఇటూ ఎక్కే అప్రోచ్‌లు రాష్ట్రానివి. కట్టినవాళ్ళు ఒకరు, ఇప్పుడు రిపేర్లు చూసేవాళ్ళు ఇంకొకరు కూడా కావచ్చు. కాబట్టి "ఎవరు కట్టారు" అని కాదు, "ఇప్పుడు నిర్వహణ ఎవరిది" అని అడగాలి.

నోటితో అడిగితే నోటితోనే చెబుతారు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద పది రూపాయలు కట్టి కాగితం మీద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడే ప్రశ్నలు పెట్టండి: నిర్వహణ ఎవరిది, డ్రాయింగ్ ప్రకారం ఫుట్‌పాత్ వెడల్పు ఎంత, ఈ వంతెన మీద రాబోయే రిపేరు పని ఏదైనా మంజూరైందా. మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ బంగారం అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

జవాబు వచ్చేలోపు టేపు పట్టుకుని వంతెన ఎక్కండి. ఐదు మీటర్ల టేపు చాలు. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, ట్రాఫిక్ ఉండదు. మా వంతెన ఫుట్‌పాత్ పేరుకి 1.2 మీటర్లు. కానీ ఎనిమిది చోట్ల కొలిస్తే ఎనిమిది రకాలు వచ్చింది. కరెంటు స్తంభం దగ్గర మిగిలింది 55 సెంటీమీటర్లు. నా సైకిల్ హ్యాండిల్ వెడల్పే 60. అంటే సైకిల్ తొక్కడం మాట దేవుడెరుగు, పక్కన నడిపించుకుని కూడా వెళ్ళలేను. ఇంకాస్త ముందుకెళ్తే కేబుల్ చుట్టలు రెండు, చుట్టలు చుట్టి పడుకున్న కొండచిలువల్లా. దాటితే ఒక స్లాబు లేదు. ఆ గుంత మీద ఎవరో పుణ్యాత్ములు పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కప్పారు. నాయకుడిగారి ముఖం మీద కాలు పెడితే నేరుగా లోపలికే. ప్రతి చోటా టేపు అంకె కనిపించేలా ఫొటో తీశాను. ఇంజినీరుకి "చాలా ఇబ్బందిగా ఉందండీ" అంటే వినపడదు, "పోల్ నంబరు ఫలానా దగ్గర 55 సెంటీమీటర్లు" అంటే తలెత్తి చూస్తాడు.

ఆ అంకెను దేనితో పోల్చాలి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) అని ఉంది, మన రోడ్ల కొలతల నిబంధనలు వాళ్ళు రాస్తారు. నడిచేవాళ్ళ సదుపాయాలకు ఐఆర్‌సీ 103. దాని ప్రకారం అడ్డంకులేమీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తలపైన 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. సైకిల్ దారులకు ఐఆర్‌సీ 11. అందులో కనీసం 2 మీటర్లు. వంతెనల నిబంధన ఐఆర్‌సీ 5 మాత్రం ఫుట్‌పాత్‌కి 1.5 మీటర్లతో సరిపెడుతుంది. పాత వంతెన అని మాట దాటేసేవాళ్ళకు ఈ 1.5 చూపించండి. అదైనా ఉందా అని అడగండి.

తర్వాత మనుషుల్ని లెక్కపెట్టాలి. నాకు తోడు మా పాత షెడ్డు స్నేహితుడొకడు వచ్చాడు. నడిచేవాళ్ళకి నేను, సైకిళ్ళకి వాడు. పెన్ను, కాగితం పెట్టుకుంటే మూడు గంటలకే కళ్ళు తిరిగాయి. రెండోరోజు మా అమ్మ కాలంనాటి పద్ధతి పెట్టాం: కుడి జేబు నిండా గింజలు, మనిషి వెళ్ళినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి. నేను చింతపిక్కలు తెచ్చుకున్నాను. వాడు వేయించిన శనగలు తెచ్చాడు. ఎనిమిదిన్నరకి చూస్తే సైకిళ్ళ లెక్క సగం వాడి కడుపులో ఉంది. మూడోరోజు వాడికీ చింతపిక్కలే ఇచ్చాను.

పొద్దున షిఫ్టులు, బడి వేళ, సాయంత్రం ఇళ్ళకు తిరిగొచ్చే వేళ, ఈ మూడూ లెక్కలో ఉండాలి. వాన రోజు, పండగ రోజు వద్దు. పిల్లల్ని, గంపలు మోసే ఆడవాళ్ళని, సైకిల్ దిగి నడిపించేవాళ్ళని వేరుగా రాయండి. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు: వంతెన ఎక్కకుండా కింద పట్టాలు దాటేవాళ్ళు. రైల్వే మనిషిని కాబట్టి నాకిది తట్టింది. పట్టాలు దాటడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల జైలో వెయ్యి రూపాయల జరిమానానో పడొచ్చు. అయినా దాటుతున్నారంటే పైన దారి లేకే. పట్టాల దగ్గర ప్రాణం పోతే ఆ తలనొప్పి రైల్వేకి కూడా. అందుకే రైల్వేకి రాసే కాగితంలో మొదటి వాక్యం ఈ లెక్కే అవ్వాలి.

ఇక ఏం అడగాలి అన్నది. "పక్కన ఒక స్లాబు వేలాడదీసి ఫుట్‌పాత్ వేసేయండి" అని నేనూ రాశాను మొదట. అది ఇంటి బాల్కనీ కాదు. వంతెన మీద నడకదారి వేస్తే గుంపు నిలబడ్డా ఆగేలా లెక్క కడతారు, చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోలు. స్పాన్ పొడవును బట్టి కొంత తగ్గించుకోనిస్తారు. అయినా 30 మీటర్ల స్పాన్‌కి 1.8 మీటర్ల దారి కలిపితే, దాని సొంత బరువుతో కలుపుకుని 20 టన్నులు సులువుగా దాటుతుంది. పాత గర్డర్లు (వంతెనను మోసే దూలాలు), వాటి కింద ఆనించే బేరింగులు, పునాది ఇదంతా మోస్తాయా అని స్ట్రక్చరల్ ఇంజినీర్లు చూడాలి. కింద 25 వేల వోల్టుల కరెంటు తీగ ఉంటే రైళ్ళు ఆపి, కరెంటు ఆపి, బ్లాక్ (లైను మీద పనికి రైల్వే ఇచ్చే సమయం) తీసుకుని రాత్రిపూట పని చేయాలి. ఒకే అర్జీలో ఇదంతా అడిగితే "పరిశీలించబడును" అని ఒక్క మాటతో సరి.

అందుకని మూడు మెట్లుగా అడగండి. మొదటిది, ఉన్న ఫుట్‌పాత్‌ని ఖాళీ చేయడం: స్లాబులు, కేబుళ్ళు, స్తంభం పక్కకి జరపడం. దీనికి ఎవరి లెక్కలూ అక్కర్లేదు. రెండోది, ఉన్న రోడ్డునే మళ్ళీ పంచడం. లేన్‌లు అవసరానికి మించి వెడల్పుగా ఉన్నచోట కొంచెం కుదించి, అంచున సైకిళ్ళకి గీత గీసి, విడదీసే దిమ్మలు పెట్టడం. వంతెన మీద బరువు దాదాపు పెరగదు. మూడోది, పక్కన వేరుగా స్టీలు నడకవంతెన. డబ్బు, అనుమతులు, ఏళ్ళు పడుతుంది. అయినా అడగాలి, ఫైలు ఒకటి పుట్టి ఉండాలి కదా. నా ఉద్యోగ కాలంలో డ్యూటీ మీద హౌరా వెళ్ళినప్పుడు ఆ వంతెన రెండు పక్కలా పదిహేనేసి అడుగుల నడకదారి చూశాను. 1943లో తెరిచిన వంతెన అది. మనవాళ్ళకి చేతకాని పనేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. వంతెన ఎవరిదైనా, లోకల్ బాడీ కాగితం లేకుండా ఏ ఇంజినీరూ కదలడు. నడకదారి వేశాక ఊడ్చేదెవరు, లైట్ల బిల్లు కట్టేదెవరు, పలకలు పగిలితే మార్చేదెవరు? ఇవే వాళ్ళ ప్రశ్నలు. "నిర్వహణ మేం చూసుకుంటాం" అని జీవీఎంసీ నుంచి ఒక ఉత్తరం వెళ్తే సగం అడ్డంకులు పోతాయి. మీరు మున్సిపాలిటీని మొదట అడగాల్సింది కోట్లు కాదు, ఆ ఉత్తరం. డబ్బుకంటే అది తేలిగ్గా వస్తుంది.

దాన్ని రాబట్టడానికి నేను ఇలా వెళ్ళాను. ముందు వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, అంటే వార్డులో సదుపాయాలు చూసే ఉద్యోగి. కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు, నాతో వంతెన దాకా వచ్చి ఫ్లెక్సీ తీసి గుంత చూశాడు. ఆయన రిపోర్టు పైకి వెళ్ళాక, సోమవారం గ్రీవెన్స్‌లో (అర్జీలు తీసుకునే రోజు) ఆశీలుమెట్ట దగ్గరున్న జీవీఎంసీ ఆఫీసులో అర్జీ ఇచ్చి నంబరు తీసుకున్నాను. నంబరు లేకుండా బయటికి రాకండి. తర్వాత కార్పొరేటర్. కౌన్సిల్లో ఒక ప్రశ్న, వీలైతే ఒక తీర్మానం. ఆవిడ నన్ను ఒకటే అడిగారు: "ఎంతమందికి ఉపయోగం అంకుల్?" చింతపిక్కల లెక్క తీసి ముందు పెట్టాను. 2012 నుంచి 2021 దాకా విశాఖకి కౌన్సిలే లేదు, గుర్తుందా? అలాంటి కాలం వస్తే ఇదే కాగితం కమిషనర్‌కి ఇవ్వాలి. నిధుల కోసమైతే ఎంపీగారిని అడగొచ్చు, ఆయన కోటా ఏడాదికి 5 కోట్లు. కానీ చేతిలో ఎస్టిమేట్ లేకుండా వెళ్తే టీ ఇచ్చి పంపుతారు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. నాది ఇలా ఉంది:

"అయ్యా, ఫలానా వంతెన మీద ఫలానా తేదీల్లో పొద్దున, సాయంత్రం కలిపి ఇంతమంది నడిచారు, ఇన్ని సైకిళ్ళు వెళ్ళాయి, ఇంతమంది కింద పట్టాలు దాటారు. ఫుట్‌పాత్ డ్రాయింగులో ఇంత, ఇప్పుడు ఖాళీగా ఉన్నది ఇంత (ఫొటోలు ఎనిమిది). కోరేది: ఒకటి, నెలలోగా స్లాబులు వేసి అడ్డంకులు తీయించాలి. రెండు, రాబోయే తారు పనిలోనే సైకిళ్ళకు అంచు గీత కలపాలి. మూడు, నడకదారి నిర్వహణకు జీవీఎంసీ అంగీకార పత్రం ఇవ్వాలి."

రెండో కోరిక చూశారా, ఆర్టీఐలో మూడో ప్రశ్న అందుకే. వంతెనకి తారు పొర మార్చే పనో, జాయింట్లు మార్చే పనో ఎలాగూ వస్తుంది. గీతలు ఎలాగూ మళ్ళీ గీయాలి. అప్పుడు మన గీత కలపడం కొద్దిపాటి ఖర్చు. ఆ పని అయిపోయాక అడిగితే మళ్ళీ టెండరు, మళ్ళీ ఏళ్ళు. బడ్జెట్ కొత్త పద్దు కావాలంటే దీపావళి నాటికి కాగితం లోపల ఉండాలి. సంక్రాంతి దాటితే ఆ ఏడు మర్చిపోండి.

కోర్టు మాటలు మొదటి అర్జీలో వద్దన్నది నా అభిప్రాయం. బెదిరించినట్టుంటుంది. రెండో అర్జీకి మాత్రం జత చేశాను: 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ల మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమే అంది. వికలాంగులకు కూడా వీలుగా ఉండాలంది. పంచ్ డైలాగులు వద్దు, ఆ రెండు వాక్యాలు చాలు.

మా వంతెనకి ఒక పక్క స్లాబులు పడ్డాయి, కేబుళ్ళు పోయాయి, స్తంభం పిట్టగోడ అవతలికి జరిగింది. రెండో పక్క ఇంకా అలాగే ఉంది. స్టీలు నడకవంతెన ఫైలు తిరుగుతోంది, నేనూ దాని వెంట తిరుగుతున్నాను.

దారి పడ్డాక కూడా పని ఉంటుంది. నెల తిరక్కుండా బైకులు ఫుట్‌పాత్ ఎక్కాయి. అడ్డంగా దిమ్మలు పెట్టమన్నాం. మొదట మరీ దగ్గరగా పెట్టారు, వీల్‌చైర్ పట్టలేదు. ఒకటి తీయించాం. జాయింటు దగ్గర ఇనుప పట్టీ పైకి లేస్తే సైకిల్ టైరు పోతుంది, వారానికోసారి కాలితో తొక్కి చూస్తుంటాను. నీళ్ళు పోయే గొట్టాల్లో ఇసుక, గుట్కా ప్యాకెట్లు ఇరుక్కుంటాయి. మేలోనే ఒకసారి పొడిపించుకోవాలి, లేదంటే మొదటి వానకే ఫుట్‌పాత్ అంచున చెరువు కట్టి, జనం మళ్ళీ రోడ్డు మీదకి దిగుతారు. దానికి పెద్ద సామాను అక్కర్లేదు, పాత గొడుగు కమ్మీ ఒకటి సైకిల్‌కి కట్టుకుని వెళ్తాను.