శుక్రవారం డ్రై డే మీ వీధిలో నిజంగా జరగాలంటే ఎలా చేయాలి?

డ్రై డే అంటే డెంగీ దోమ పుట్టకుండా వారానికోసారి ఇంట్లో నిలవ నీళ్లు తీసి తొట్లు కడిగే రోజు. వానలు మొదలవగానే ఊరూరా ‘శుక్రవారం డ్రై డే’ బ్యానర్లు కడతారు. పదిమంది చేరి వీధి ఊడుస్తారు, కాలువ గట్టున బ్లీచింగ్ పొడి చల్లుతారు, ఫొటో దిగి వెళ్లిపోతారు. డెంగీ దోమ ఆ మురుగు కాలువలో పుట్టదు. ఆ పక్కింట్లో మెట్ల కింద మూత లేని నీళ్ల డ్రమ్ములో పుడుతుంది. ఆ డ్రమ్ము దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు. ఏటా ఇదే చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కాకినాడలో మా వీధివాళ్లం తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాం. మొదటి రెండేళ్లు తప్పుగా చేశాం. అసలు కష్టం ఎక్కడుందో ఆ రెండేళ్లలోనే తెలిసింది.

మనుషులు, సామాను

30 ఇళ్లకు మించి పెట్టుకోవద్దు. ఊరంతా బాగుచేద్దామని మొదలుపెట్టినవాళ్లు మూడో వారానికి కనబడరు. ఏడిస్ దోమ, అంటే కాళ్ల మీద తెల్ల చారలుండే డెంగీ దోమ, దూరాలు ఎగిరే రకం కాదు. పుట్టిన ఇంటి చుట్టుపక్కలే, ఎక్కువగా వంద, రెండొందల మీటర్ల లోపే తిరుగుతుంది. మీ వీధిలో పగటిపూట కుట్టే దోమ దాదాపుగా మీ వీధిలో పుట్టిందే. అందుకే ఒక్క వీధి పట్టుకున్నా ఫలితం కనబడుతుంది.

నలుగురు చాలు. ఇద్దరిద్దరుగా రెండు జట్లు. ప్రతి జట్టులో ఒక ఆడమనిషి తప్పనిసరి. అందరూ ఆ వీధివాళ్లే అయి ఉండాలి. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లయితే మరీ మంచిది, ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారో వాళ్లకు తెలుసు. వార్డు సచివాలయంలో ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకి ముందే ఒక మాట చెప్పండి. జ్వరం కేసు కనబడితే మీకు కావలసింది వాళ్లే.

సామాను: టార్చిలైటు, తెల్ల గిన్నె, గరిటె, కొబ్బరి పీచు, పాత కాటన్ చీర ముక్కలు, పురికొస, ఒక నోటుబుక్కు. గిన్నె తెల్లదే కావాలి, స్టీలు గిన్నెలో దోమ పురుగులు కనబడవు. ప్లాస్టిక్ బ్రష్షు వద్దు, కొబ్బరి పీచే వాడండి.

ఏ రోజు, ఏ వేళ

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర లోపు. తెలంగాణలో 2020లో ‘ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని పెట్టారు. ఆలోచన మంచిదే, కానీ ఆదివారం వద్దు. చుట్టాలొస్తారు, లేదంటే ఇంటిల్లిపాదీ ఊరెళ్తారు. శుక్రవారం అయితే ఎలాగూ ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసే రోజు. చేతులు ఎలాగూ తడిసి ఉంటాయి కాబట్టి తొట్టి కడగమంటే భారం అనిపించదు.

ఒక్క చిక్కుంది. శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటపడేయకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంటుంది. పగిలిన కుండలు, పాత టైర్లు పారేయమని ఆ రోజు వాదించకండి. బోర్లించమనండి చాలు. చెత్త బండికి గురువారమో శనివారమో ఇవ్వచ్చు.

వారానికోసారి ఎందుకంటే, గుడ్డు దోమగా మారడానికి మన వేడికి ఎనిమిది, పది రోజులు పడుతుంది. ఏడు రోజులకోసారి నీళ్లు తీసి కడిగితే ఆ లెక్క పూర్తికాదు. ఒక్క శుక్రవారం తప్పితే పూర్తవుతుంది.

గడప దాటడం

అసలు పని ఇదే. అందరూ ఇక్కడే చెడగొడతారు కాబట్టి నిదానంగా చదవండి.

రెండో ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. మా వీధిలో ఒక పెద్దావిడ ఇత్తడి గంగాళంలో నీళ్లు పట్టి పెట్టుకునేవారు. నేను వెళ్లి, తొంగిచూసి, పురుగులు కనబడగానే ‘అయ్యో’ అంటూ గంగాళం వంచేశాను. మంచిపనే చేశాననుకున్నాను. ఆ నీళ్ల కోసం ఆవిడ మోకాళ్ల నొప్పులతో తెల్లారుజామున కుళాయి దగ్గర నిలబడ్డారని నాకు తట్టలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మూడు నెలలపాటు మాకు గేటు తీయలేదు. ఆ మూడు నెలలూ ఆ గంగాళంలో ఏం జరిగిందో చూసేవాళ్లే లేరు.

అప్పటినుంచి మా పద్ధతి ఒక్కటే. నీళ్లు వంచేది ఆ ఇంటివాళ్లే, మనం కాదు. మన చేత్తో వంచితే ఆ ఒక్క శుక్రవారానికే పనికొస్తుంది. వాళ్ల చేత్తో వాళ్లు వంచితే వచ్చే శుక్రవారం మనం వెళ్లకపోయినా వంచుతారు.

వాళ్ల చేత వంచించాలంటే ఏం చేయాలి? చెప్పులు గేటు బయటే విడవండి. ‘పిన్నిగారూ’, ‘అత్తయ్యగారూ’, ‘వదినా’ అని మీరు రోజూ ఏ వరస పెట్టి పిలుస్తారో అలాగే పిలవండి. ‘మేడమ్, చెకింగ్’ అన్నారంటే అక్కడితో అయిపోయినట్టే. ముందు కాసేపు పిల్లల సంగతీ జ్వరాల సంగతీ అడగండి. తరవాత ఒక మాట కచ్చితంగా చెప్పండి: ఈ దోమ మురికినీళ్లలో కాదు, శుభ్రమైన నిలవ నీళ్లలో పుడుతుంది. ఇది నిజం, పైగా ఇంటావిడకు ఊరట. లేకపోతే మీరు తన ఇంట్లో మురికి వెతకడానికి వచ్చారనుకుంటుంది. వంటింట్లోకి, పూజగదిలోకి పిలిస్తేనే వెళ్లండి. ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే ఉంటే మగవాళ్లు గేటు బయటే ఆగాలి.

ఇప్పుడు తొట్టి దగ్గరికి రండి. దబదబా వెళ్లి టార్చి వేయకండి. నీడ పడినా, నీళ్లు కదిలినా పురుగులు అడుక్కి వెళ్లిపోతాయి. చాలామంది అక్కడే ‘ఏం లేవు’ అని వెనక్కి తిరుగుతారు. ఒక నిమిషం కదలకుండా నిలబడండి. వాటికి గాలి కావాలి, పైకి రాక తప్పదు. పైకి వచ్చాక అంచు వెంబడి గరిటెతో మెల్లగా తీసి తెల్ల గిన్నెలో పోయండి. వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ తల కిందికి, తోక పైకి పెట్టి నీటి పొరకు వేలాడతాయి. అవి లార్వాలు. వాటి మధ్య కామా గుర్తులా వంగి, లావు తలతో ఉన్నవి కనిపిస్తే అవి ప్యూపాలు, రెండు రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి. ప్యూపా ఏమీ తినదు కాబట్టి దాని మీద లార్వా మందు సరిగా పనిచేయదు. మందు వేశాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

గిన్నె ఇంటావిడ చేతికి ఇవ్వండి, టార్చి కూడా ఆవిడకే ఇవ్వండి. తరవాత నోరు మూసుకోండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. డెంగీ మీద ఉపన్యాసం మొదలుపెట్టారంటే ఆవిడ చూడటం మానేసి తల ఊపడం మొదలుపెడుతుంది. ఊరుకుంటే ‘ఇవేంటండీ?’ అని తనే అడుగుతుంది. అప్పుడు ఒక్క ముక్కలో చెప్పండి: ‘ఇవి ఇంకో నాలుగు రోజుల్లో దోమలు.’ మా వీధిలో ఆ మాట విన్నాక తొట్టి అలాగే వదిలేసినవాళ్లు నాకు గుర్తున్నంతలో లేరు.

నీళ్లకు కరువైన ఇంట్లో పారబోయమని అడగకండి. కాటన్ చీర ముక్క రెండు మడతలు వేసి వడకట్టి వేరే బిందెలోకి పోసుకోమనండి. పురుగులు బట్టలో నిలిచిపోతాయి, ఆ బట్ట ఎండలో ఆరేస్తే చస్తాయి. నీళ్లు వాడకానికి మిగులుతాయి. పారబోసేటట్టయితే ఎండు నేల మీద పోయాలి, కాలువలో కాదు. కాలువ నీళ్లలో పడితే కొన్ని బతికి బయటపడతాయి.

రుద్దడం మానొద్దు. ఏడిస్ గుడ్లు నీళ్లలో తేలవు, నీటిమట్టానికి కాస్త పైన తొట్టి గోడకు నల్ల చుక్కల్లా అంటుకుని ఉంటాయి. తొట్టి ఎండినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. నీళ్లు వంచేసి ఊరుకుంటే సగం పని కూడా అవ్వనట్టే. అంచు చుట్టూ కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడిగి, తిరిగి నింపాక బట్ట కప్పి పురికొసతో బిగించి కట్టాలి. రేకు ముక్కో చెక్క ముక్కో మూత పెడితే సందులోంచి దోమ దూరుతుంది.

ఈ ఇంట్లో పురుగులు దొరికాయని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫొటో తీయకండి. జరిమానా మాట ఎత్తకండి. పక్కింట్లో దొరికిన సంగతి ఈ ఇంట్లో చెప్పకండి. ఒక్క ఇంటి పరువు తీస్తే పది గేట్లు మూసుకుంటాయి.

పొగ గురించి

ప్రతి వీధిలో ఒకరు అడుగుతారు, ‘ఇదంతా ఎందుకు, మున్సిపాలిటీ వాళ్లతో ఫాగింగ్ కొట్టిస్తే పోదా?’ అని. పోదు. పొగ ఎగిరే దోమలను, అదీ తగిలినవాటినే చంపుతుంది. డ్రమ్ములో ఉన్న లార్వాను ఏమీ చేయదు. పైగా ఏడిస్ మంచాల కింద, బీరువాల వెనక, వేలాడే బట్టల్లో దాక్కుంటుంది. పొగ బండి వస్తే మనం తలుపులు మూసేస్తాం. కేసులు వచ్చిన వీధిలో పొగకు చోటుంది, కానీ అది పీచు చేసే పని చేయలేదు.

మందు లేకుండా జనం చేత్తో చేసేది నిలబడుతుందా అనే అనుమానం నాకూ ఉండేది. నికరాగువా, మెక్సికోల్లో 150 ప్రాంతాలు తీసుకుని, సగం చోట్ల వీధివాళ్లనే కూడగట్టి, మందు చల్లకుండా నీటి తొట్లు చూసుకునేలా చేశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. అలా చేసిన చోట్ల పిల్లల్లో డెంగీ సోకడం మిగతా చోట్లకంటే సుమారు 30 శాతం తగ్గింది. దోమలోపల మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ కూడా తరవాత అటే వెళ్లారు. 1901లో ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో మనుషుల్ని పెట్టి ఖాళీ డబ్బాలు, సీసాలు ఏరించారు, గుంటల్లో నీళ్లు తీయించారు.

మరిచిపోయే చోట్లు

డ్రమ్ము, తొట్టి, కూలరు అందరికీ గుర్తుంటాయి. ఫ్రిజ్ వెనక ట్రే గుర్తుండదు. మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింద పళ్లెం, చీమలు పట్టకుండా బల్ల కాళ్ల కింద పెట్టిన నీళ్ల గిన్నెలు, డాబా మీద పిచ్చుకలకు పెట్టిన మూకుడు, ట్యాంకు మూత పగులు, సంపు. పెరట్లో వాడని రుబ్బురోలు మా వీధిలో ఏటా మొదట దొరికేది. దాని గుంటలో ఇసుక నింపించండి, మళ్లీ చూసే పని ఉండదు. వాడకంలో లేని బావి ఉంటే దోమ పురుగుల్ని తినే గంబూసియా చేపల కోసం మలేరియా విభాగాన్ని అడగండి, మీరే ఎక్కడినుంచో తెచ్చి చెరువులో మాత్రం వదలకండి. మందు చల్లే పని వాళ్లకే వదిలేయండి. తాగే నీళ్లలో ఎవరినీ ఏదీ వేయనివ్వకండి.

తాళం వేసిన ఇళ్లు, సగంలో ఆగిన కట్టడాలు మనవల్ల కావు. వాటి జాబితా సచివాలయంలో ఇచ్చి, ఇచ్చిన తేదీ నోటుబుక్కులో రాసుకోండి.

లెక్క, జ్వరాలు

చూసిన ఇళ్లెన్ని, పురుగులు దొరికిన ఇళ్లెన్ని, ఈ రెండు అంకెలే రాయండి. పేర్లు వద్దు. మా వీధిలో ఒక జులైలో 28 ఇళ్లు చూస్తే 11 ఇళ్లలో దొరికాయి. ఆరో శుక్రవారానికి రెండిళ్లకు దిగింది. వినాయక చవితి వారం మానేశాం, తరవాత చూస్తే మళ్లీ ఐదు. ఆ అంకెలు వీధి మొదట్లో గోడ మీద సుద్దతో రాస్తాం. పిల్లలు ముందు చూస్తారు, ఇంటికెళ్లి చెబుతారు.

జ్వరం ఉన్న ఇల్లు కనబడితే ఆ రోజే ఆశాకి ఫోన్ చేయండి. రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టమనండి. జ్వరంలో కుట్టిన దోమే వారం, పది రోజుల తరవాత ఇంకొకరికి అంటిస్తుంది. నొప్పులున్నాయని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ బిళ్లలు మింగనివ్వకండి, రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం తగ్గాక కూడా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండమనండి. ప్రమాదం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది.

ఆ ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్లను మాత్రం శుక్రవారం దాకా ఆగకుండా మర్నాడు పొద్దున్నే చూడండి. రుబ్బురోళ్లతో మొదలుపెట్టండి.